నూటొకటి ఎవరికి?

మొన్న పంటి డాక్టరు దగ్గర వరుసలో కూర్చుని ఉండగా, టై కట్టుకున్న ఒక కుర్రాడు వచ్చి రిసెప్షన్ అమ్మాయికి ఫోన్ల వ్యవస్థ అమ్మడం మొదలుపెట్టాడు. తెల్ల కాగితం మీద ముందుగా ఒక మేఘం బొమ్మ గీశాడు. మేఘంలోంచి నాలుగు గీతలు కిందికి దించి, ఒక్కో గీత చివర ఒక్కో ఫోను వేసి, "మీ ఎక్స్ఛేంజి మొత్తం క్లౌడ్‌లోనే ఉంటుంది మేడం" అన్నాడు. వాచిన చిగుళ్లతో నవ్వకూడదని తెలిసి కూడా నవ్వేశాను. ఆ కుర్రాడు నా వైపు గుర్రుగా చూశాడు. నేనూ అదే సరుకు అమ్మేవాణ్ననీ, నా నవ్వు అతని మీద కాదనీ ఎలా చెప్పను?

నాతో కలిసి ఈ వ్యాపారం నడిపిన ఆయన బతికి ఉండి, నా పక్కన ఆ కుర్చీలో ఉండి ఉంటే ఊరుకునేవారు కాదు. ఎన్నో బేరాల్లో నా నోటి దగ్గర ముద్ద లాగేసినట్టు ఆయన అన్న మాట ఒకటుంది. నేను పెద్ద పెద్ద మాటలు వాడి షాపు యజమానిని సగం దాకా ఒప్పించేసరికి, పక్కనుంచి ఆయన తన మద్రాసు తెలుగులో నెమ్మదిగా "మేఘంలో ఏముంటుందప్పా, నీళ్లు దా ఉంటాయి. మన మిషన్ చింతాద్రిపేటలో రెండో అంతస్తులో ఉండాది. కావాలంటే వచ్చి చూసుకోమను" అనేవారు.

చోద్యం ఏమిటంటే, వాళ్లు నిజంగానే వచ్చేవారు. కింద అచ్చాఫీసు, పైన మా గది. కిటికీ తెరిస్తే కూవం నది మురుగు వాసన, మూస్తే మిషన్ల వేడి. మూసిన ఒక కంపెనీ నుంచి పాత సామానుగా కొనుక్కొచ్చిన రెండు సర్వర్లు అక్కడ రాత్రింబగళ్లు హోరుమంటూ ఉండేవి. వచ్చినవాళ్లని ఆయన కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఆకుపచ్చగా మిణుకుమనే దీపాల్లో ఒకదాన్ని వేలితో చూపించి "అది మీ షాపు" అని చెప్పేవారు. వాళ్లు తృప్తిగా తలూపి వెళ్లిపోయేవారు. ఒక ఇనుప సామాన్ల పెద్దమనిషి అయితే జేబులోంచి కుంకుమ పొట్లం తీసి సర్వరుకి బొట్టు పెట్టాడు. గాలి పోయే రంధ్రాల్లో కుంకుమ పడకుండా ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారే గాని వద్దనలేదు.

ఆయన పోయి ఆరు నెలలైంది. జీవిత చరిత్ర రాసేంత నాకు తెలియదు, ఆయనా చెప్పలేదు. తిరువొత్తియూరు, ఎన్నూరు ఫ్యాక్టరీల్లో లోపలి ఫోన్లన్నిటినీ కలిపే, గోడలకి తగిలించిన టెలిఫోన్ పెట్టెలు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు తిరిగారని తెలుసు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పెట్టెలు పాత ఇనుముకి పోయాయి, ఆయన మాత్రం మిగిలారు. ఇప్పటికీ పని మధ్యలో "అన్నా, ఇది చూడు" అని తల తిప్పుతాను. అక్కడ ఖాళీ కుర్చీ కనపడుతుంది. చాలా బాధేస్తుంది.

మనిషి చూడ్డానికే విచిత్రం. ముప్పై ఏళ్లు రెండు చేతులతో తీగలు కలుపుతూ, రిసీవర్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పనిచెయ్యడం వల్ల ఆయన మెడ ఎడమ వైపుకి వాలిపోయింది. ఫోను లేకపోయినా అలాగే ఉండేది. తెలియనివాళ్లు ఆయన తమ మాటని ఎంతో శ్రద్ధగా వింటున్నారనుకునేవారు. మా ఖాతాదారుల్లో సగం మంది నా వాగ్ధాటికి పడ్డారని నేను గొప్పలు చెప్పుకుంటాను గాని, నిజానికి ఆ వాలిన మెడకే పడ్డారు.

యాభై దాటాక ఆయన కంప్యూటర్ పట్టారు. టెలిఫోన్ పెట్టె చేసే పనంతా చేసే సాఫ్ట్‌వేర్‌ని ఎవరెవరో రాసి, ఎవరైనా వాడుకోండని బయట పెట్టారని ఆయనకి ఎలా తెలిసిందో గాని, తెలిసిన రోజు నుంచి ఆ పుస్తకాలు అచ్చు తీయించి పట్టుకు తిరిగారు. కళ్లజోడుకి టెలిఫోన్ తీగ కట్టుకుని, ఇంగ్లీషు వాక్యాలని పారాయణంలా పైకి చదివేవారు. అర్థం కాకపోతే అదే వాక్యం రాగం మార్చి చదివేవారు. మూడోసారికి అర్థమయ్యేది.

రోజూ పొద్దున ఒక గంట, ప్రపంచంలో ఏ మూలో ఆ సాఫ్ట్‌వేర్‌తో తంటాలు పడుతున్న ముక్కూ మొహం తెలియనివాళ్ల ప్రశ్నలకి జవాబులు రాసేవారు. ప్రతి జవాబూ "గౌరవనీయులైన అయ్యా" అని ఇంగ్లీషులో మొదలయ్యేది. అవతలివాడు పద్దెనిమిదేళ్ల కుర్రాడైనా అంతే. ఖాతాదారుల పని ఉండగా ఈ ఉచిత సేవ ఎందుకని నేను సణిగితే, మన పొట్ట నింపే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మనల్ని దుడ్డు అడిగారా అని ఎదురు ప్రశ్న వేసేవారు. తన జవాబుతో బ్రెజిల్‌లో ఎవరిదో ఫోను మోగిందని తెలిసిన రోజు మాత్రం నాకు కాఫీతో పాటు బోండా కూడా ఇప్పించేవారు.

మేం అమ్మేది అర్థం కావాలంటే ఆయన మాటల్లోనే వినాలి. షాపులో పెట్టె ఉండదు, మామూలు ఇంటర్నెట్ తీగా, బల్ల మీద ఫోన్లూ ఉంటాయి. మిగతా యంత్రాంగమంతా మా గదిలో ఉంటుంది. ఒక్కో షాపుకి ఒక్కో పెట్టె కొంటే ఎవరి వల్లా కాదు కనక, ఒకే సర్వరుని సాఫ్ట్‌వేర్‌తో గదులుగా విడగొట్టి ఒక్కో గదిలో ఒక్కో షాపు ఎక్స్ఛేంజిని నడిపేవారు. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది. ఆయన మాత్రం "పోర్షన్లు" అనేవారు. మద్రాసులో ఒకే ఇంట్లో పది కుటుంబాలు అద్దెకుండడం చూసినవాడికి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. వసారా పోర్షన్, మిద్దె మీది పోర్షన్, బావి పక్క పోర్షన్ అని ఆయన పేర్లు పెట్టుకున్నారు. ఏదైనా షాపు మోతాదుకి మించి మెమరీ లాగేస్తుంటే "వసారా వాళ్లు నీళ్లన్నీ పట్టేసుకుంటా ఉండారు" అని గొణుక్కుంటూ వాళ్ల కుళాయి కాస్త బిగించేవారు. పోర్షన్లు కాబట్టే నెల అద్దె షాపువాళ్ల కాఫీ ఖర్చు దాటేది కాదు.

అన్నిటికన్నా నా తల ప్రాణం తోకకి తెచ్చింది ఆయన పనిచేసే పద్ధతి. ఆర్డరు రాగానే ఎవరైనా ఫోన్లు బిగిస్తారు. ఆయన మాత్రం ముందు ఒక రోజంతా ఆ షాపులో స్టూలు వేసుకుని కూర్చునేవారు. మాట్లాడరు, కంప్యూటర్ తెరవరు. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో వింటూ, పాత క్యాలెండర్ కాగితం వెనక గీతలు పెట్టుకుంటారు. ఆ గీతల్ని బట్టే ఏ ఫోను ముందు మోగాలో, ఎవరికి ఏ నంబరో నిర్ణయిస్తారు. ఎన్నూరు రోడ్డులో ఒక లారీ బుకింగ్ ఆఫీసుకి ఇచ్చిన నాలుగు ఫోన్లలో ఒకటి పక్క టీ కొట్టులో పెట్టారు. యజమాని మండిపడ్డాడు. మీ మేనేజరు పగలంతా ఉండేది అక్కడే కదా అని ఈయన శాంతంగా చెప్పారు. వారం తిరిగేసరికి ఆ యజమానే రెండో ఫోను కూడా టీ కొట్టులో పెట్టమన్నాడు.

ఇక పప్పుల దుకాణం సంగతి. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే.

ఉత్తర చెన్నై టోకు బజారులో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. ముగ్గురన్నదమ్ములు, ఒకే దుకాణం, తిరువొత్తియూరులో గోదాము. మొత్తం పన్నెండు ఫోన్ల ఆర్డరు. అప్పటిదాకా మాకు మూడు ఫోన్లూ నాలుగు ఫోన్లూ ఉన్న షాపులే తప్ప ఇంత పెద్దది రాలేదు. ఇది నిలిస్తే మా వ్యాపారం నిలుస్తుంది. పోతే దీపావళి దాకా కూడా లాగలేం, నేను మళ్లీ మా మేనమామ పెయింట్ల దుకాణానికి పోవాలి. అక్కడ ఎనిమిదేళ్లు నేను చేసిన పని, మీగడ రంగుకీ దంతం రంగుకీ తేడా చెప్పడం. రెండిటికీ తేడా నాకు ఈనాటికీ తెలియదు. మళ్లీ ఆ కౌంటరు వెనక నిలబడ్డమంటే నాకు జైలుకి పోవడం కిందే లెక్క.

ఆ అన్నదమ్ముల్లో పెద్దాయనకీ నడిపాయనకీ నాలుగేళ్లుగా మాటల్లేవు. కారణం అడిగితే ముగ్గురూ మూడు చెప్పారు, కాబట్టి అడగడం మానేశాను. నా కొంప ముంచింది వాళ్ల తగవు కాదు, నా నోరు. ఫోన్లకి లోపలి నంబర్లు నూటొకటి నుంచి మొదలవుతాయని చెప్పగానే పెద్దాయన నన్ను కాఫీకి తీసుకెళ్లి, నూటొకటి తనకే రావాలన్నాడు. పెళ్లిలో చదివింపులకైనా, గుడిలో చందాకైనా నూటొకటే ఇచ్చే మనుషులు. ఆ నంబరు ఎవరి బల్ల మీద ఉంటే ఇంటికి పెద్ద వాడే అని వాళ్ల లెక్క. తప్పకుండా సార్, మీకే అన్నాను. మర్నాడు గోదాములో నడిపాయన అదే అడిగాడు. ఆ సాయంత్రం మెట్ల దగ్గర చిన్నాయన గొంతు తగ్గించి అదే అడిగాడు. కాదంటే ఆర్డరు పోతుందేమోనని అందరికీ అదే మాట ఇచ్చేశాను. ఇంటికొచ్చే ఎలక్ట్రిక్ ట్రైన్లో కూర్చున్నాక గాని పప్పులో కాలేశానని తెలిసిరాలేదు, అదీ పప్పుల దుకాణంలో.

దారిలోనే దిగి, చింతాద్రిపేట మెట్లు రెండేసి చొప్పున ఎక్కి సంగతంతా చెప్పాను. ఆయన మజ్జిగలో ఉప్పు కలుపుతూ విన్నారు.

"ముగ్గురికీ నూటొకటి ఇయ్యడానికి అవుతుందా అన్నా?" అన్నాను.

"ఎందుకు కాదు? మూడు పోర్షన్లు ఏస్తే ఎవురి పోర్షన్‌లో వాళ్లు నూటొకటి. కాఫీ ఆరేలోపల అయిపోతుంది."

నాకు గంతులెయ్యాలనిపించింది. అయితే వెంటనే చేసేద్దామన్నాను.

"చెయ్యను" అన్నారు. గ్లాసు కింద పెట్టి, వాలిన మెడతో నన్ను కాసేపు చూశారు. "ఆ ముగ్గురూ ఇప్పుడు ఒకే ఇంట్లో మాట్లాడకుండా ఉండారు. మనం మూడు ఇండ్లు కట్టిచ్చేస్తే ఇంక మాట్లాడే పనే ఉండదు. గోడ కట్టేదానికి వాళ్లు వేరే మేస్త్రీని చూసుకోనీ."

నాకు ఒళ్లు మండింది. ఇంకొకరి ఇంటి గోడల సంగతి మనకెందుకన్నాను, రంగుల డబ్బాల మధ్య నిలబడాల్సింది నేనన్నాను, ఇంకా అనకూడనివి కూడా అన్నాను. ఆయన అన్నీ విని, మజ్జిగ నాకే ఇచ్చి, రేపు పోయి కూర్చుంటానని మాత్రం చెప్పారు.

మర్నాడు పొద్దున్నే మినప్పప్పు మూటల పక్కన స్టూలు పడింది. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర, నడిపాయన కాటా దగ్గర కూర్చునేవారు. మధ్య దూరం పదడుగులు. చిన్నాయన ఎక్కువగా గోదాములో ఉంటాడు. వెనక, చెక్క జాలీ అవతల, బిల్లుల కట్టలతో వాళ్లక్క కూర్చునేది. ముగ్గురికన్నా పెద్దది, అరవై దాటిన మనిషి. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికొచ్చి, అప్పటి నుంచీ దుకాణం పద్దులు రాస్తోందని విన్నాను. నేను ఆవిడకి నమస్కారం పెట్టడం తప్ప, ఆవిడతో ఎప్పుడూ మాట్లాడింది లేదు.

లారీ వచ్చిందో లేదో వాణ్ని అడగమని పెద్దాయన అక్కకి చెప్పేవాడు. లారీ వచ్చిందా అంటున్నాడని అక్క నడిపాయనతో అనేది. దించుతున్నారని చెప్పమని నడిపాయన అనేవాడు. దించుతున్నారట అని అక్క పెద్దాయనతో అనేది. పదడుగుల దూరంలో ముగ్గురికీ ప్రతి మాటా వినపడుతూనే ఉండేది. అయినా రోజంతా, ధరల నుంచి మధ్యాహ్నం భోజనంలో కూర దాకా, ఇలాగే నడిచింది. ఆయన క్యాలెండర్ కాగితం రెండు వైపులా గీతలతో నిండిపోయింది.

సాయంత్రం ఆయన లేచి, నూటొకటి అక్కకి అని ప్రకటించారు. పెద్దాయన గడ్డం రుద్దుకున్నాడు. ఇంటికి ఆమే పెద్దది కదా, సరేనన్నాడు. నంబరు తనకి రాలేదన్న బాధకన్నా అన్నకి పోలేదన్న సంతోషం నడిపాయన మొహంలో బాగా కనపడింది. చిన్నాయన ఫోన్‌లోనే సరేనన్నాడు. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు, ఆర్డరు పోలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

తెల్లారి ఫోన్లన్నీ బిగించాం. అక్క బల్ల మీద నేనే స్వయంగా ఫోను పెట్టి, ఎలా ఎత్తాలో చెప్పబోయాను. ఆవిడ నన్ను చూడలేదు. నా వెనక నిలబడ్డ ఆయన్ని చూసి, జాలీ ఇవతలికి వినపడనంత నెమ్మదిగా అంది.

"నన్ను ఒక మాట అడక్కుండా ఈ నంబరు నాకెందుకు పెట్టినారు సారూ? నాలుగేండ్లుగా వీళ్ల మాటలు ఆడికీ ఈడికీ మోస్తా ఉండాను. నాదని ఒక మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో నాకే తెలీదు. ఇప్పుడు ఈ మిషన్‌లో కూడా నేను దా మోయాల్నా?"

ఆయన మొహం చిన్నబోయింది. తన లెక్క తప్పిందని ఆయన ఒప్పుకోగా నేను చూసింది అదొక్కసారే. చేతిలో ఉన్న క్యాలెండర్ కాగితాన్ని మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"తప్పు నాదే అక్కా. ఎవుర్ని పిలస్తా ఉండారో రాసుకున్నా గాని, పలికే మనిషి మొగం చూడలే" అన్నారు. "మీకెట్టాంటి ఫోన్ కావాల?" అని అడిగారు.

"గంట కొట్టనిది" అంది ఆవిడ.

ఫోన్లు అమ్మే మనిషిని మోగని ఫోను అడిగితే ఎలా ఉంటుంది? ఆవిడ వేళాకోళం చేస్తోందనుకున్నాను. ఆయన మాత్రం అది మా ధరల పట్టీలో ఉన్న సరుకే అన్నట్టు తలూపి, స్టూలు జాలీ పక్కకి లాక్కుని, కంప్యూటర్‌ని మినప్పప్పు మూట మీద తెరిచారు. జాలీ అవతలికి నెమ్మదిగా ఏదో చెప్పి, రెండు వరుసలు చెరిపారు, మూడు వరుసలు రాశారు. చింతాద్రిపేటలో మిషన్ ఆ మాట విని మారిపోయింది. నేను భుజం మీదుగా చూశాను. అక్క ఫోనుకి ఎవరూ నొక్కగలిగే నంబరే లేదు. అందులోంచి బయటికి ఎవరికైనా చెయ్యొచ్చు, దానికి ఎవరూ చెయ్యలేరు. ఆ తర్వాతి వరుస రెండుసార్లు చదివాను. నూటొకటి నొక్కితే ఇక మోగేది అన్నదమ్ముల ఫోన్లే. పెద్దాయన నొక్కితే తమ్ముళ్లవి, తమ్ముడు నొక్కితే మిగతా ఇద్దరివి.

"పెద్దాయనకి చెప్పకుండానా?" అన్నాను గుసగుసగా.

"అక్కకి చెప్పినాను గదా" అన్నారు. జాలీ అవతల ఆవిడ "సెరి" అనడం నాకు వినపడింది.

పెద్దాయనకి కోపం వస్తే పన్నెండు ఫోన్లూ ఊడదీయిస్తాడు. అక్కడే అన్నీ చెప్పేసి ఆపేద్దామా అనుకుంటూ నేను రెండడుగులు వేశానో లేదో, పెద్దాయన కొత్త ఫోను ఎత్తి, ముచ్చటగా ఒక్కో అంకె చూసుకుంటూ నూటొకటి నొక్కాడు. పదడుగుల అవతల కాటా పక్కన ఫోను మోగింది. నడిపాయన ఎవరో బేరగాడనుకుని ఎత్తాడు.

"అక్కా, కందిపప్పు లారీ ఎప్పుడొస్తుందో వాణ్ని అడుగు" అన్నాడు పెద్దాయన, ఫోన్‌లో.

ఆ మాట నడిపాయనకి చెవిలోనూ వినపడింది, గాలిలోనూ వినపడింది. రిసీవర్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెద్దాయనకి ఏదో తేడాగా తోచి తలెత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల మధ్య మూటల పక్కన నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను. మీగడ, దంతం, లేత మీగడ, పాల మీగడ అన్నీ వరసగా నా కళ్ల ముందు తిరిగాయి.

నడిపాయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

"పదకొండుకి వస్తుంది" అన్నాడు.

పెద్దాయన రిసీవర్ తీగని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

"సరుకు తడిసిందా?"

"లేదంట. నేను చూసి దా దించుతాను."

"సెరి" అని పెద్దాయన ఫోను పెట్టేశాడు. తర్వాత వేలు ఆడించి నన్ను రమ్మన్నాడు. వెళ్లాను. అతను నా వైపు చూడకుండా, ఫోను మీద లేని దుమ్ము తుడుస్తూ, ఇది చెడిపోయినట్టుందన్నాడు. క్షమించండి సార్, ఇప్పుడే బాగు చేయిస్తానన్నాను.

"వద్దులే. అట్టే ఉండనీ" అన్నాడు.

నాకు మామ దుకాణం తప్పింది. ఆ మాట ఆయనకి చెప్పాలని జాలీ దగ్గరికి దాదాపు పరిగెత్తాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. అవతల అక్క బిల్లుల కట్ట పక్కకి నెట్టి, తన ఫోను ఎత్తి, గుర్తు తెచ్చుకుంటూ గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో అంకె నొక్కుతోంది. ఒకసారి తప్పు పోయింది. మళ్లీ మొదటి నుంచి నొక్కింది. ఎవరో ఎత్తారు.

"ఏమే, నేను దా" అంది. అవతలి మనిషి కంగారుపడినట్టుంది. "లేదే, ఎవురికీ ఏమీ కాలే. ఎవురూ చెప్పమన్లే. నీతో మాట్లాడాలని నేనే చేసినా."

ఆవిడ గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. నేను ఇంకా వినాలని ఆ జాలీకి దగ్గరగా వంగాను. ఆయన కంప్యూటర్ మూసి చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని లాగారు.

"రాప్పా, పోదాం" అన్నారు. "ఆమె మాట ఆమెది, మనం ఇనేది కాదు."

లోపల ఆవిడ ఏదో చెప్పి నవ్వుతుండగా ఇద్దరం వీధిలోకి వచ్చేశాం.